పాలు ఎందుకు మానాలి? వీగన్ వాదన పుట్టుక, పరిణామం

పరిచయం

మాంసం తినని వారిని శాకాహారులు అంటాం. మాంసంతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు, తేనె కూడా మానేసి, తోలు, పట్టు, ఉన్ని వంటి వాటిని వీలైనంత వరకు వాడకుండా ఉండేవారిని వీగన్లు అంటున్నాం. ఈ మాట తెలుగు పత్రికల్లో కనిపించడం మొదలై ఎక్కువ కాలం కాలేదు. అందువల్ల ఇది నగరాల్లో కొత్తగా వచ్చిన ఫ్యాషన్ అనీ, విదేశాల నుంచి దిగుమతి అయిన ఆలోచన అనీ మీకు అనిపించవచ్చు. ఈ అభిప్రాయంలో సగమే నిజం ఉంది. మాట విదేశీ మాటే, 1944లో ఇంగ్లండులో పుట్టింది. దాని వెనక ఉన్న వాదన మాత్రం చాలా పాతది. ఆ వాదన చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలలో ఒకటి, ఇంగ్లండులో ఆ మాట పుట్టడానికి 32 ఏళ్ల ముందే, ఒక భారతీయుడి జీవితంలో జరిగింది.

జంతువుల నుంచి వచ్చే వాటిని మానాలనడానికి నేడు చెప్పే కారణాలు అన్నీ ఒకేసారి పుట్టలేదు. అహింస, ఆరోగ్యం, పర్యావరణం అనే వాటిలో ఒక్కొక్కటి ఒక్కో కాలంలో, ఒక్కో పరిస్థితిలో ముందుకు వచ్చింది. ఒక కారణం ఎక్కడ, ఎందుకు పుట్టిందో తెలుసుకుంటేనే అది ఈనాడు మన ఇంటికి, మన ఊరికి ఎంతవరకు వర్తిస్తుందో తేల్చుకోగలం. ఈ పాఠాన్ని ఆ దృష్టితో చదవండి. మాంసం సంగతి ఇక్కడ కొద్దిగానే వస్తుంది. అసలు చిక్కు పాల దగ్గర ఉంది.

ఎర్రగుడి శాసనం చెప్పింది, చెప్పనిది

కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలోని ఎర్రగుడి గురించి మీరు ఇంతకుముందు మౌర్యుల పాఠంలో చదివి ఉంటారు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు వేయించిన 14 ప్రధాన శిలాశాసనాలు అక్కడి బండల మీద ఉన్నాయి. మొదటి శాసనంలో చక్రవర్తి తన వంటశాల లెక్క చెబుతాడు. ఒకప్పుడు అక్కడ రోజూ లక్షల ప్రాణులను కూరల కోసం చంపేవారట. శాసనం వేయించే నాటికి అది మూడు ప్రాణులకు తగ్గింది. ఆ మూడు రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు. ఇక ముందు ఈ మూడింటిని కూడా చంపబోమని శాసనం ముగుస్తుంది. ఒక పాలకుడు తన వంటింటి గుట్టును ఇంత నిజాయితీగా బండ మీద చెక్కించడం ప్రపంచ చరిత్రలో అరుదు.

పట్టాభిషేకమైన 26 ఏళ్ల తరవాత అశోకుడు వేయించిన అయిదో స్తంభశాసనం ఇంకా ముందుకు వెళ్లింది. చంపకూడని పక్షులు, జంతువుల జాబితా అందులో ఉంది. చూలుతో ఉన్నవి గాని, పాలిస్తున్నవి గాని అయిన మేకలను, గొర్రెలను, పందులను చంపరాదని, ఆరు నెలలు నిండని పిల్లలను చంపరాదని అందులో చెప్పాడు. ఇక్కడ ఒక విషయం గమనించండి. పాలిచ్చే తల్లిని చంపవద్దని ఉంది గాని, దాని పాలు తీసుకోవద్దని లేదు. జైనమతం అహింసను ఇంకా కఠినంగా పాటించింది. తేనెను నిషేధించింది, నేలలో పెరిగే దుంపలను కూడా వద్దంది. పాలను మాత్రం సంప్రదాయ జైనం అనుమతించింది. వైదిక సంప్రదాయంలో పాలు, పెరుగు, నెయ్యి పవిత్ర పదార్థాలు. ఇంత లోతుగా అహింస గురించి ఆలోచించిన దేశంలో పాల ప్రశ్న ఎందుకు ఎదురు కాలేదు?

దీనికి సమాధానం శాస్త్రగ్రంథాలలో కంటె పశువుల కొట్టంలో దొరుకుతుంది. ముందు దూడను వదలాలి. అది రెండు గుక్కలు తాగితేనే ఆవు చేపుతుంది. ఆ తరవాత దూడను పక్కన కట్టి పాలు పితుకుతారు. ఆడదూడ రేపటి పాడి, మగదూడ రేపటి దుక్కిటెద్దు. రైతుకు రెండూ కావలసినవే. కాబట్టి పాలు తాగడానికీ, దూడ చావడానికీ మధ్య సంబంధం కంటికి కనిపించేది కాదు. ముసలిదైన పశువు, చచ్చిన పశువు సంగతి ఏమిటి? దాన్ని ఊరి చివరకు ఈడ్చి, తోలు ఒలిచి, చెప్పులు, మోట బానలు తయారు చేసే పని మన ప్రాంతంలో మాదిగ కులం మీద వేశారు. పాలు తాగిన ఇంటికి పవిత్రత, తోలు ఒలిచిన ఇంటికి అంటరానితనం దక్కాయి. గోమాంసానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధాన్ని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ 1948లో ప్రచురించిన అస్పృశ్యుల మూలాల గ్రంథంలో విశ్లేషించాడు. ఆహారం గురించి ఏ చర్చ చేసినా ఈ చరిత్రను పక్కన పెట్టడానికి వీలు లేదు. ఒకరి కంచాన్ని చూసి వారి కులాన్ని కొలిచే అలవాటుకూ, జంతువును బాధించకూడదనే వాదనకూ మూలాలు వేరు. మొదటిది శుచి, అశుచి గురించిన ఆలోచన. రెండోది బాధ గురించిన ఆలోచన. మన దేశంలో ఈ రెండూ కలిసిపోయి కనిపిస్తాయి గనక విద్యార్థులు వాటిని విడదీసి చూడడం నేర్చుకోవాలి.

సిరియాలో ఒక కవి

పాలను కూడా అన్యాయమని స్పష్టంగా చెప్పిన పాత గొంతు ఒకటి అరబిక్ సాహిత్యంలో ఉంది. అబుల్ అలా అల్ మఅర్రీ (973–1057) నేటి సిరియాలోని మఅర్రత్ అన్ నుమాన్ పట్టణానికి చెందిన కవి. చిన్నతనంలోనే మశూచి వల్ల చూపు పోయింది. ఆయన మాంసం, చేపలు మానడమే గాక పాలు పిల్లల కోసం పుట్టినవనీ, గుడ్లు పక్షులవనీ, తేనె ఈగలు తమ కోసం కూడబెట్టుకున్నదనీ వాదించాడు. ఈజిప్టును పాలిస్తున్న ఫాతిమీ వంశపు ప్రధాన మతప్రచారకుడు ఇలా ఎందుకు చేస్తున్నావని ఆయనకు లేఖలు రాశాడు. ఆ లేఖలు, జవాబులు నేటికీ ఉన్నాయి. జవాబులో కవి జాలి గురించి చెబుతూనే తన కొద్దిపాటి ఆదాయం గురించి కూడా చెప్పుకున్నాడు. మనిషి ఆహారం మార్చుకోవడానికి కారణం ఒకటే ఉండదు, రెండుమూడు కలిసి ఉంటాయి. ఈ సంగతి ముందు ముందు కూడా మీకు కనిపిస్తుంది. అల్ మఅర్రీ ఒంటరి. ఆయన వెనక ఉద్యమం ఏదీ రాలేదు.

లండన్‌లో మూడు నిర్వచనాలు

ఉద్యమ రూపం 19వ శతాబ్దపు ఇంగ్లండులో వచ్చింది. 1847 సెప్టెంబరు 30న రామ్స్‌గేట్ పట్టణంలో శాకాహార సంఘం ఏర్పడింది. పారిశ్రామిక నగరాలు పెరిగి, పశువుల మందలను వీధుల గుండా కబేళాలకు తోలుకుపోవడం రోజూ జనం కళ్లపడే కాలం అది. మద్యపాన నిషేధం, బానిసత్వ నిర్మూలన వంటి సంస్కరణల వాతావరణంలో ఈ సంఘం ఎదిగింది. ఆ తరం రచయితల్లో హెన్రీ సాల్ట్ ముఖ్యుడు. శాకాహారాన్ని సమర్థిస్తూ 1886లో ఆయన ప్రచురించిన పుస్తకం రెండేళ్ల తరవాత లండన్ చేరిన ఒక భారతీయ న్యాయశాస్త్ర విద్యార్థి చేతికి దొరికింది.

ఆ విద్యార్థి మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చి 1888లో లండన్ వెళ్లాడు. తినడానికి తగినది దొరక్క అర్ధాకలితో తిరుగుతూ ఫారింగ్‌డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాలను కనుక్కున్నాడు. సాల్ట్ పుస్తకం కొన్నది అక్కడే. అంతవరకు తల్లికిచ్చిన మాట కోసం మాంసం మానినవాడు అప్పటినుంచి ఇష్టపూర్వకంగా మానాడు. లండన్ శాకాహార సంఘం కార్యవర్గంలో కూడా చేరాడు.

అప్పటి ఇంగ్లండులో ‘మాంసం’ అనే మాటకు మూడు నిర్వచనాలు ఉండేవని గాంధీజీ ఆత్మకథలో వివరిస్తాడు. కొందరి లెక్కలో జంతువులు, పక్షుల మాంసమే మాంసం, చేపలు కాదు. మరికొందరి లెక్కలో ప్రాణమున్న వాటి శరీరం ఏదైనా మాంసమే, గుడ్లు మాత్రం కాదు. మూడో వర్గం జంతువుల నుంచి వచ్చే గుడ్లు, పాలు కూడా అందులోకే వస్తాయంది. గాంధీజీ గుడ్లు మానేశాడు, పాలు మానలేదు. తను మాట ఇచ్చిన తల్లి ఆ మాటకు ఏ అర్థం ఇచ్చుకున్నదో అదే తనకు వర్తిస్తుందని ఆయన తర్కం. అంటే మూడో నిర్వచనం 1890 నాటికే లండన్‌లో చర్చలో ఉంది, ఒక భారతీయుడు దాన్ని విని పక్కన పెట్టాడు.

ఆ చర్చ తరవాత కూడా ఆగలేదు. 1910లో రూపర్ట్ వెల్డన్ పాలు, గుడ్లు లేని వంటల పుస్తకాన్ని లండన్‌లో ప్రచురించాడు. 1909 నుంచి 1912 వరకు శాకాహార సంఘం పత్రికలో పాలు, గుడ్ల మీద వాదోపవాదాలు నడిచాయి. చివరకు పాలు, గుడ్లు వాడేవారు ఇచ్చిన సమర్థన తృప్తికరంగా లేదని పత్రిక సంపాదకుడే ఒప్పుకున్నాడు. చిక్కు ఇది: ఆవు ఏటేటా ఈనితేనే పాలు. ఈనిన మగదూడలు ఇంగ్లండు పొలాలకు అక్కరలేదు, కాబట్టి అవి కబేళాకు పోతాయి. మాంసం తినను గాని పాలు తాగుతానన్నవాడు ఆ దూడ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

కలకత్తా పాలు, జోహాన్నెస్‌బర్గ్ ప్రతిజ్ఞ

1912లో దక్షిణాఫ్రికాలో, జోహాన్నెస్‌బర్గ్ దగ్గర ఉన్న టాల్‌స్టాయ్ క్షేత్రంలో గాంధీజీ, ఆయన మిత్రుడు హెర్మన్ కాలెన్‌బాక్ పాలు మానివేస్తామని ప్రతిజ్ఞ చేశారు. ఎందుకు? పాలు ఇంద్రియాలను రెచ్చగొడతాయని రాయ్‌చంద్‌భాయి దగ్గర విన్న మాట మొదటి కారణమని గాంధీజీ స్వయంగా రాశాడు. అది బ్రహ్మచర్యానికి సంబంధించినది, జంతువుకు సంబంధించినది కాదు. ఆ ఆలోచన నడుస్తుండగా కలకత్తా నుంచి వచ్చిన కొంత సాహిత్యం ఆయన కంటపడింది. ఆవులను, గేదెలను పాలవాళ్లు పెట్టే హింస గురించి అందులో రాసి ఉంది. ప్రతిజ్ఞకు అది రెండో కారణం. ఆయన మనసును కదిలించింది ముఖ్యంగా ఇదే.

ఆ హింస పేరు ఫూకా. ఆవు లేదా గేదె జననాంగంలోకి గొట్టంతో గాలి ఊది, బలవంతంగా చేపించి, చివరి చుక్క వరకు పిండే పద్ధతి అది. ఈ పద్ధతి ఎక్కడ, ఎందుకు పుట్టిందో ఆలోచించండి. పల్లెలో దూడను వదిలితే ఆవు చేపుతుంది. కలకత్తా వంటి నగరంలో స్థలానికి, మేతకు ఖరీదు ఎక్కువ. దూడ తాగే పాలు కూడా అమ్ముకుంటే డబ్బు. దున్నడానికి పొలం లేదు గనక మగదూడతో పని లేదు. దూడ చస్తుంది. దూడ లేకపోతే తల్లి చేపదు, అందుకని ఫూకా. వట్టిపోయిన పశువును మళ్లీ ఈనేదాకా మేపడం దండగ, దాన్ని కబేళాకు అమ్మి కొత్తదాన్ని తెచ్చుకుంటారు. వలస ప్రభుత్వం 1890 నాటి జంతుహింస నివారణ చట్టంలోనే ఫూకాను శిక్షార్హమైన నేరంగా పేర్కొంది. అంటే అది అరుదైన దురాచారం కాదు, చట్టం చేయవలసినంత వాడుకలో ఉన్న వ్యాపార పద్ధతి. ఎర్రగుడి నాటి నుంచి ఎదురు కాని ప్రశ్న నగరపు పాల వ్యాపారంతో ఎదురైంది. పాల స్వభావం మారలేదు. పాలు వచ్చే దారి మారింది.

ఆత్మపరిశీలన: ఫూకా వంటి పద్ధతి పల్లెలో కంటె నగరంలో ఎందుకు వ్యాపించింది? పైన చెప్పిన కారణాలలో మీకు బలమైనదిగా తోచిన ఒకదాన్ని ఎంచుకుని పది వాక్యాలలో రాయండి.

మేకపాలు

టాల్‌స్టాయ్ క్షేత్రంలో వేరుశనగలు, అరటిపండ్లు, ఖర్జూరాలు, నిమ్మపండ్లు, ఆలివ్ నూనెతో గాంధీజీ గడిపాడు. 1918లో ఖేడా జిల్లాలో సైన్యంలోకి మనుషులను చేర్చే పనిలో ఊరూరా తిరుగుతూ తీవ్రమైన విరేచనాల పాలై మృత్యువు అంచు దాకా వెళ్లాడు. పాలు తాగకపోతే నీ శరీరాన్ని మళ్లీ నిలబెట్టలేనని తరవాత బొంబాయిలో డాక్టర్ దలాల్ చెప్పాడు. ప్రతిజ్ఞ ఉందని గాంధీజీ అన్నాడు. పక్కనే ఉన్న కస్తూర్బా, ప్రతిజ్ఞ చేసేటప్పుడు ఆయన మనసులో ఉన్నవి ఆవు, గేదె పాలే కదా, మేకపాలకు అభ్యంతరం ఏమిటని అడిగింది. ఆయన లొంగాడు. ప్రతిజ్ఞలోని అక్షరాన్ని పట్టుకుని ప్రాణాన్ని వదిలేశానని ఆత్మకథలో తనను తానే తప్పుపట్టుకున్నాడు.

గాంధీజీ మేకను మనం తరచు ఒక ముచ్చటగా, ఆయన నిరాడంబరతకు గుర్తుగా చూస్తాం. బొమ్మల్లో, నాటకాల్లో అలాగే చూపిస్తారు. చరిత్రగా చూస్తే ఆ మేక ఓటమికి గుర్తు. 1931 నవంబరు 20న, రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లినప్పుడు, లండన్ శాకాహారుల సభలో ఆయన దీన్ని తన జీవితంలోని విషాదంగానే చెప్పుకున్నాడు. ఆ సభలో వృద్ధుడైన హెన్రీ సాల్ట్ కూడా ఉన్నాడు. అదే ఉపన్యాసంలో ఆయన మరో ముఖ్యమైన మాట చెప్పాడు. ఆరోగ్యం కోసం శాకాహారులైనవారిలో చాలామంది నిలబడరనీ, జబ్బు వస్తే వెనక్కు పోతారనీ, నైతిక కారణం ఉన్నవారే నిలబడతారనీ దాని సారాంశం. 1942లో ఆగాఖాన్ భవనంలో బందీగా ఉన్నప్పుడు ఆరోగ్యం గురించి రాసిన చిన్న పుస్తకంలో కూడా పాలు జంతు ఉత్పత్తే గనక కచ్చితమైన శాకాహారంలో చేరవని స్పష్టం చేశాడు. అయినా పాలకు సరైన ప్రత్యామ్నాయం దొరకలేదన్న అసంతృప్తి ఆయనను చివరి వరకు వదలలేదు.

1944: మాట పుట్టింది

డొనాల్డ్ వాట్సన్ (1910–2005) ఇంగ్లండులో వడ్రంగం నేర్పే బడి ఉపాధ్యాయుడు. చిన్నప్పుడు బంధువుల పొలంలో పందిని చంపడం చూసి 14 ఏళ్ల వయసులో మాంసం మానేశాడు. యుద్ధాన్ని మనస్సాక్షి కారణంగా వ్యతిరేకించినవారిలో ఆయన ఒకడు. శాకాహార సంఘం పత్రికలో పాలు మానినవారికి కొంత చోటు ఇవ్వాలని 1944లో ఆయన, మరికొందరు కోరారు. సంఘం కాదంది. ఆ నవంబరులో లండన్‌లో ఆరుగురు కలుసుకుని వేరే సంఘం పెట్టుకున్నారు. ‘వెజిటేరియన్’ అనే ఇంగ్లిషు మాటలోని మొదటి మూడు అక్షరాలు, చివరి రెండు అక్షరాలు కలిపి ‘వీగన్’ అని పేరు పెట్టారు. శాకాహారం మొదలు, దాని చివరి మెట్టు అని అందులోని చమత్కారం. మొదటి పత్రిక వెల రెండు పెన్నీలు.

సమయం గమనించండి. రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది, ఆహారానికి రేషన్. మాంసం వద్దన్న శాకాహారులకు ప్రభుత్వం బదులుగా అదనపు చీజ్ ఇచ్చేది. పాలు కూడా వద్దన్నవారికి ఆ సౌకర్యం వల్ల ఉపయోగం లేదు. అటువంటి కరువు రోజుల్లో ఉన్న కొద్దిపాటిని కూడా వదులుకున్నవారు వీరు. ఆనాటి బ్రిటన్ పాడి పశువుల్లో క్షయ ఎక్కువగా ఉండడం కూడా వారి వాదనకు బలమిచ్చింది. 1951లో సంఘం నాయకుల్లో ఒకడైన లెస్లీ క్రాస్ ఈ వాదాన్ని ఆహారం పరిధి దాటించి, మనిషి జంతువులను దోపిడీ చేయకుండా బతకాలన్న సూత్రంగా నిర్వచించాడు. 1979 నాటి నిర్వచనంలో ‘సాధ్యమైనంత వరకు, ఆచరణకు వీలైనంత వరకు’ అన్న అర్థం చేరింది. నా దృష్టిలో ఈ చేర్పు చాలా విలువైనది. మందు గొట్టం పూతలో జంతు పదార్థం ఉందని రోగి మందు మానేయనక్కరలేదు.

తెలియని విటమిన్

కొత్త సంఘానికి ఒక గండం పొంచి ఉంది. రక్తం తయారీకి, నరాల ఆరోగ్యానికి అవసరమైన విటమిన్ బి12ను 1948లో గాని శాస్త్రవేత్తలు విడిగా గుర్తించలేదు. గాంధీజీ చనిపోయిన సంవత్సరం అదే. ఈ విటమిన్‌ను మొక్కలు తయారు చేయవు, జంతువులూ తయారు చేయవు, సూక్ష్మజీవులు తయారు చేస్తాయి. ఆవుకు కూడా అది కడుపులోని సూక్ష్మజీవుల నుంచే అందుతుంది. తొలి వీగన్లకు ఇది తెలియదు. కొందరికి నోటి పుండ్లు, తిమ్మిర్లు వంటి లక్షణాలు వచ్చాయి. 1955లో బ్రిటిష్ పరిశోధకులు వీగన్లలో బి12 లోపం గురించి పత్రం ప్రచురించారు. ఈ విటమిన్‌ను పరిశ్రమలో సూక్ష్మజీవుల ద్వారా తయారు చేసి మాత్రలుగా, ఆహారంలో కలిపి ఇవ్వడం వచ్చాకే ఆ గండం గడిచింది. సోయా నుంచి పాల వంటి పానీయం తయారు చేయడానికి 1956లో సంఘ సభ్యులు ఒక ప్రయత్నం మొదలుపెట్టగా, 1965లో అది అంగళ్లలోకి వచ్చింది.

అందువల్ల ‘పూర్వం ఋషులు ఇలాగే బతికారు’ అనో, ‘ప్రకృతి సహజం’ అనో ఎవరైనా వీగన్ ఆహారాన్ని సమర్థిస్తే ఆ మాటను నమ్మకండి. పూర్తిగా వీగన్ ఆహారంతో తరాలుగా ఆరోగ్యంగా ఉండడం 20వ శతాబ్దపు విజ్ఞానం వల్ల సాధ్యమైన విషయం. జాగ్రత్తగా కూర్చుకున్న వీగన్ ఆహారం పెద్దవారికి చాలుతుందని అమెరికా పోషకాహార నిపుణుల సంఘం 2016లో చెప్పింది. ఇందులో ‘జాగ్రత్తగా కూర్చుకున్న’ అన్న మాట ముఖ్యం. బి12 మాత్ర తప్పనిసరి. కాల్షియం విషయంలో మాత్రం మనకు దిగులు లేదు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, అదే బరువు పాలలో సుమారు 120 మాత్రమే. నువ్వులు, మునగాకు కూడా మన వంటింట్లో ఉన్నవే. నిజానికి తెలుగు భోజనంలో జొన్నరొట్టె, కందిపప్పు, గోంగూర, పచ్చిపులుసు, చారు అన్నీ పాలు లేనివే. వీగన్ అయినవాడు ముద్దపప్పులో నెయ్యికీ, చివర పెరుగన్నానికీ బెంగపెట్టుకుంటాడు. ఆ బెంగ చిన్నదేమీ కాదని ఒప్పుకోవాలి.

మగదూడ ఎక్కడికి పోయింది?

ఇప్పుడు మన దేశానికి తిరిగి వద్దాం. 1946లో గుజరాత్‌లో ఖేడా పాల రైతుల సహకార సంఘం ఏర్పడింది. 1918లో గాంధీజీ మంచాన పడిన జిల్లా అదే కావడం యాదృచ్ఛికం. 1965లో ఆణంద్‌లో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు, 1970లో ఆపరేషన్ ఫ్లడ్ వచ్చాయి. వర్గీస్ కురియన్ నాయకత్వంలో పాలు పల్లె నుంచి పట్నానికి చల్లని ట్యాంకర్లలో ప్రయాణించడం మొదలైంది. 1950–51లో దేశపు పాల ఉత్పత్తి 1.7 కోట్ల టన్నులు. 2022–23లో అది 23 కోట్ల టన్నులు. 1998 నుంచి ప్రపంచంలో అత్యధికంగా పాలు ఉత్పత్తి చేస్తున్న దేశం మనదే. దీనివల్ల లాభపడినవారిలో భూమి లేని కుటుంబాలు, ముఖ్యంగా స్త్రీలు ఉన్నారు. రెండు గేదెల పాలతో పిల్లల ఫీజులు కట్టే తల్లులు మన రెండు రాష్ట్రాల్లో ఏ ఊరికి వెళ్లినా కనిపిస్తారు. పాలు మానాలని చెప్పేవారు ఆమెకు ఏ బతుకుతెరువు చూపుతారో కూడా చెప్పాలి. ఆ జవాబు ఇంతవరకు సంతృప్తికరంగా రాలేదు.

అయితే అదే కాలంలో పొలంలోకి ట్రాక్టరు వచ్చింది. ఎద్దుతో పని తగ్గింది. కృత్రిమ గర్భధారణతో ఆంబోతు అవసరం కూడా పోయింది. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవుజాతి పశువులు 19.25 కోట్లు. వాటిలో ఆడవి 14.5 కోట్లు. అంటే మగవి 5 కోట్ల లోపు. అంతకు ముందు, 2012 గణనలో, మగవి సుమారు 6.8 కోట్లు ఉన్నాయి. పుట్టేటప్పుడు ఆడ, మగ దూడలు దాదాపు సమానంగా పుడతాయి. మరి ఈ తేడా ఎక్కడిది? కొన్నిటిని సరిగా మేపరు, కొన్నిటిని వదిలేస్తారు, కొన్ని సంతకు, అక్కడినుంచి కబేళాకు వెళతాయి. గేదెల విషయంలో చట్టపరమైన అడ్డంకులు తక్కువ గనక లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. గేదె మాంసం ఎగుమతిలో ప్రపంచంలో ముందువరుసలో ఉన్న దేశాల్లో మనదొకటి. ఎక్కువ పాలిచ్చే దేశమూ, ఎక్కువ గేదె మాంసం ఎగుమతి చేసే దేశమూ ఒకటే కావడంలో వింత లేదు. అవి ఒకే కొట్టంలో పుట్టిన రెండు సరుకులు.

1912లో కలకత్తా నగరానికి పరిమితమైన పరిస్థితి ఇలా పల్లెకు కూడా చేరింది. రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితంగా వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఫూకాను మళ్లీ నిషేధించింది. పాలు పెంచడానికి పశువు ఆరోగ్యానికి హాని చేసే సూదిమందులు వేయడాన్ని కూడా అదే సెక్షన్‌లో చేర్చింది. గొట్టం పోయి సూది వచ్చిందని శాసనకర్తలు గుర్తించారన్నమాట.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 15 ఏళ్లు నిండినవారిలో సుమారు 98 శాతం మాంసాహారులని 2014 నాటి ప్రభుత్వ నమూనా సర్వే తేల్చింది. ఇక్కడ వీగన్ వాదన ఒక విధంగా మిగతా చోట్ల కంటె నిజాయితీగా వినిపించే వీలుంది. ఎందుకంటే ఇది ఆవునూ గేదెనూ వేరు చేయదు, మాంసం తినే ఇంటినీ పాలు తాగే ఇంటినీ వేరు చేయదు. పాలు తాగుతూ మాంసం తినేవారిని తక్కువగా చూసే శాకాహారిని ఈ వాదన అందరికంటె ముందుగా ప్రశ్నిస్తుంది.

చివరగా చేరిన కారణం

పర్యావరణం అన్న కారణం వాట్సన్ కాలంలో లేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2006లో ఒక నివేదిక ఇచ్చింది. మనుషుల వల్ల వెలువడే భూతాపక వాయువులలో 18 శాతం పశుపోషణ నుంచి వస్తుందని అందులో అంచనా వేసింది. 2013లో కొత్త లెక్కతో దాన్ని 14.5 శాతానికి సవరించింది. నెమరువేసే పశువుల కడుపులో పుట్టే మీథేన్ ఇందులో పెద్ద భాగం. 2018లో పూర్, నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు 119 దేశాల్లోని సుమారు 38,700 క్షేత్రాల వివరాలు పరిశీలించారు. ప్రపంచం జంతు ఆహారాన్ని మానేస్తే వ్యవసాయానికి వాడే భూమి 76 శాతం తగ్గుతుందని వారు లెక్కకట్టారు.

ఈ అంకెలను మన జిల్లాకు యథాతథంగా అన్వయించకండి. అడవులు నరికి సోయా పండించి పశువులకు పెట్టే దేశాల లెక్క వేరు, వరిగడ్డి, తవుడు, గట్ల మీది పచ్చిక తినే గేదె లెక్క వేరు. వరిమడి నుంచి కూడా మీథేన్ వెలువడుతుంది. అయినా ఒక లీటరు పాలకు వెలువడే మీథేన్ తక్కువ పాలిచ్చే పశువు విషయంలో ఎక్కువగానే ఉంటుంది. ఈ కారణం బలమైనదే. కాకపోతే దూడ గురించిన కారణమంత సూటిగా మన దగ్గర పనిచేయదు.

ఆహారం బయట కూడా మన దగ్గరి ఉదాహరణ ఒకటుంది. పట్టుచీర ఒకటి నేయడానికి వేల పట్టుగూళ్లు కావాలి. దారం తెగకుండా తీయడానికి లోపల పురుగు ఉండగానే గూళ్లను వేడినీటిలో వేస్తారు. హైదరాబాద్‌కు చెందిన చేనేత అధికారి కుసుమ రాజయ్య, పురుగు గూడు చీల్చుకుని రెక్కల పురుగుగా బయటకు వచ్చాక మిగిలిన గూటి నుంచి దారం వడికే పద్ధతిని 1990ల నుంచి అభివృద్ధి చేశారు. దానికి అహింసా పట్టు అని పేరు. దారం మెరుపు తక్కువ, ధర ఎక్కువ.

క్షేత్ర అభ్యాసం

మీ ఊళ్లో గాని, మీ బంధువుల ఊళ్లో గాని 60 ఏళ్లు దాటిన ఒక రైతుతో, నేడు పాలకేంద్రానికి పాలు పోసే ఒక మహిళతో విడివిడిగా మాట్లాడండి. వారి ఇంట్లో 40 ఏళ్ల కిందట ఎన్ని ఎద్దులు ఉండేవో, ఇప్పుడు ఎన్ని ఉన్నాయో, గత అయిదు ఈతల్లో పుట్టిన మగదూడలు ఒక్కొక్కటి ఏమయ్యాయో, దూడకు ఎన్ని నెలలు పాలు వదులుతారో, నెలకు దాణా ఖర్చు పోను ఎంత మిగులుతుందో అడిగి రాసుకోండి. పేర్లు రాయవద్దు. తప్పు పట్టే ధోరణిలో అడగవద్దు, వారు చెప్పింది చెప్పినట్టు నమోదు చేయండి. ఆ వివరాలను 1912 నాటి కలకత్తా పరిస్థితితో పోల్చి రెండు పేజీల వ్యాసం తయారు చేసి, తరవాతి సంపర్క తరగతికి తీసుకురండి.